హౌస్ మ్యూజిక్‌లో ఆ హౌస్ ఎవరి ఇల్లు?

నిద్రలేని_నందు
శనివారం క్లాసులో పరువు పోయింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మూడు నెలల కింద హైదరాబాద్‌లో ఒక డీజే కోర్సులో చేరాను (పేరు చెప్పను, ఫీజు ఇంకా సగం కట్టాలి). మొన్న సార్ ఒక ట్రాక్ వేసి ఇది డీప్ హౌస్ (హౌస్ అనే డ్యాన్సు సంగీతంలో ఒక రకం) అన్నారు. నేను నోరు మూసుకోకుండా "సార్, అసలు హౌస్ అనే పేరు ఎందుకొచ్చింది" అని అడిగాను. "హౌస్ అంటే ఇల్లు, ఇంట్లో పార్టీలకు వేస్తారు కాబట్టి హౌస్, ఇది కూడా తెలీకుండా వచ్చావా" అన్నారు. అందరూ నవ్వారు. పక్కనున్న అమ్మాయి "మరి పబ్బులో వేస్తే పబ్ మ్యూజిక్ అవ్వాలి కదా సార్" అంది. సార్ వెంటనే టీ బ్రేక్ ఇచ్చేశారు. ఇంటికొచ్చి వెతికితే తలనొప్పి పెరిగింది. గోడౌన్ అని ఒకరు, రికార్డుల షాపు అని ఒకరు, ఎవరో వాళ్ళమ్మ రికార్డుల పెట్టె అని ఇంకొకరు. ఎవరిని నమ్మాలి?

సోడాబుడ్డి
నేనైతే ఇన్నాళ్ళూ హౌసీ ఆడేటప్పుడు వేసే మ్యూజిక్ అనుకున్నా.

ప్యాడ్స్_శీను
@సోడాబుడ్డి టాప్ లైన్, బాటమ్ లైన్, ఫుల్ హౌస్. మొత్తానికి హౌస్ ఉందిగా, నీకు పాస్ మార్కులు.

షికాగో_చలి
హౌస్ పుట్టిన షికాగోలోనే పద్నాలుగేళ్ళుగా గడ్డకడుతున్నా కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాదే. మీ సార్ చెప్పింది తప్పు నందూ. ఆ హౌస్ ఇల్లు కాదు, వేర్‌హౌస్ అనే క్లబ్. 206, సౌత్ జెఫర్సన్ వీధి. మూడంతస్తుల పాత ఫ్యాక్టరీ భవనం. రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన 1977లో అక్కడ క్లబ్ పెట్టి, న్యూయార్క్ నుంచి ఫ్రాంకీ నకుల్స్ అనే కుర్రాడిని డీజేగా రప్పించాడు. అప్పటికి ఫ్రాంకీకి 22 ఏళ్ళు. మందు ఉండేది కాదు, జ్యూసులే. శనివారం రాత్రి మొదలైతే ఆదివారం పొద్దెక్కేదాకా ఆట. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే కుర్రాళ్ళు, మిగతా క్లబ్బుల్లో వీళ్ళకు మర్యాద ఉండేది కాదు. వాళ్ళ నోట్లో నలిగి నలిగి వేర్‌హౌస్ కాస్తా "ది హౌస్" అయింది. అక్కడ వేసే పాటలు హౌస్ పాటలు అయ్యాయి. ఆ వీధికి ఫ్రాంకీ పేరుతో గౌరవ బోర్డు కూడా ఉంది, 2004లో పెట్టారు. 2023లో నగరం వాళ్ళు ఆ భవనాన్ని ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించారు. మా ఆఫీసు నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏదో గుడి గోపురంలా ఉంటుందని ఊహించుకుని పోయి, మామూలు ఇటుక గోడ ముందు నిలబడి ఫొటో దిగి వచ్చాను.

సోడాబుడ్డి
ఫొటో పెట్టు అన్నా.

షికాగో_చలి
మంకీ క్యాప్‌లో ఉన్నాను, పెట్టను.

పాతక్యాసెట్
వేర్‌హౌస్ అంటే గోడౌనే కదా. మీలో చాలామందికి తెలియకపోవచ్చు, గోడౌన్ అనే ఇంగ్లీషు మాట మన వైపు నుంచే వెళ్ళిందని నిఘంటువులు రాస్తాయి. తెలుగులో గిడ్డంగి, తమిళంలో కిడంగు, అది మలయ్ భాషలోకి వెళ్ళి గుదాంగ్ అయింది, అక్కడి నుంచి పోర్చుగీసు వాళ్ళ నోట పడి ఇంగ్లీషులోకి చేరింది. కాబట్టి లెక్క ప్రకారం దీన్ని గిడ్డంగి సంగీతం అనాలి.

ప్యాడ్స్_శీను
గురువుగారూ సూపర్. అయితే వాళ్ళు వేర్‌హౌస్‌లో ముందు భాగం కొట్టేసి హౌస్ మిగిల్చుకున్నట్టు మనం గిడ్డంగిలో ముందు భాగం కొట్టేస్తే ఏం మిగులుతుంది? అంగి! మా వరంగల్‌లో అంగి అంటే షర్టు. డీప్ అంగి, టెక్ అంగి, ప్రోగ్రెసివ్ అంగి.

సోడాబుడ్డి
ఫుల్ చేతుల అంగి, హాఫ్ చేతుల అంగి.

విమల_కె
ప్రతి థ్రెడ్డూ ఇలాగే పాడవుతుంది. నందు సీరియస్‌గా అడిగాడు, కాస్త ఆగండి.

@షికాగో_చలి అది అంత తేలిక కాదండీ. రికార్డుల షాపు కథ మీరు వదిలేశారు. షికాగోలో ఇంపోర్ట్స్ ఎట్సెట్రా అని ఒక షాపు ఉండేది, డీజేలంతా అక్కడే రికార్డులు కొనేవాళ్ళు. చిప్ ఇ అనే సంగీతకారుడు చెప్పేది ఏంటంటే, క్లబ్బుకు వెళ్ళొచ్చిన జనం షాపుకొచ్చి వేర్‌హౌస్‌లో విన్న పాటలు అడుగుతుంటే, షాపు వాళ్ళు ఆ రికార్డులన్నీ ఒకచోట పెట్టి "వేర్‌హౌస్‌లో వినిపించినవి" అని చీటీ అంటించారట. తర్వాత ఆ చీటీలో హౌస్ ఒక్కటే మిగిలింది. అంటే మూలం క్లబ్బే కావచ్చు, కానీ దాన్ని సంగీతం పేరుగా మార్చింది షాపు కౌంటర్. నాకు ఈ తేడా చిన్నదిగా అనిపించడం లేదు.

పాతక్యాసెట్
విమల గారూ, మీరు చెప్పింది నేను కళ్ళారా చూశాను. షికాగోలో కాదు లెండి, విజయవాడలో. 1984 నుంచి ఎనిమిదేళ్ళు ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపులో పనిచేశాను. జనం పాటల చీటీ రాసుకుని వచ్చేవాళ్ళు, మేము అరవై నిమిషాల క్యాసెట్లోకి, తొంభై నిమిషాల క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళం. చాలామందికి సినిమా పేరు తెలిసేది కాదు, పల్లవి కూడా సరిగా గుర్తుండేది కాదు. "ఫలానా బస్సులో వేస్తారు చూడండి, ఆ పాట" అనేవాళ్ళు. ఒక రూటు డ్రైవరు మా దగ్గరే క్యాసెట్లు చేయించుకునేవాడు, మంచి టేస్టు ఉన్న మనిషి. రోజుకు పదిమంది అదే అడుగుతుంటే విసుగొచ్చి, ఆయన లిస్టునే ఒక మాస్టర్ క్యాసెట్ చేసి అట్ట మీద "బస్సు పాటలు" అని స్కెచ్ పెన్నుతో రాశాను. కొన్నాళ్ళకు జనం వచ్చి "బస్సు ఒకటివ్వండి" అనడం మొదలుపెట్టారు. ఆ బస్సు ఎన్నడూ ఎక్కనివాళ్ళు కూడా! రెండేళ్ళకు డ్రైవరు ఆ రూటు మారిపోయాడు, పేరు మాత్రం మా షాపులో ఉండిపోయింది. ఆ షికాగో షాపు వాళ్ళు చీటీ అంటించారంటే నేను వెంటనే నమ్ముతాను.

నిద్రలేని_నందు
"బస్సు ఒకటివ్వండి" 😂 ఈ ఒక్క పోస్టు కోసం నా అవమానం సార్థకమైంది.

సందేహాలరావు
నమ్మాలని ఉంటే ఏదైనా నమ్మొచ్చు. నాకు మాత్రం ఇవన్నీ తర్వాత తీరిగ్గా అల్లిన కథల్లాగే ఉన్నాయి. గమనించండి, ఎవరి కథలో వాళ్ళే హీరో. ఫ్రాంకీని అడిగితే ఫ్రాంకీ క్లబ్బు, రికార్డుల వాళ్ళను అడిగితే రికార్డుల షాపు. లారీ హర్డ్‌ని అడిగితే, ఆయన సొంతంగా సింథసైజర్ మీద పాటలు కట్టుకున్న మనిషి కాబట్టి, ఇంట్లో కూర్చుని డ్రమ్ మెషీన్లతో చేసుకున్న సంగీతం కాబట్టి హౌస్ అంటాడు. డెట్రాయిట్ సంగీతకారుడు హువాన్ ఆట్కిన్స్ ఇంకోటి చెప్పాడు, ఒక్కో క్లబ్బుకు వేరే ఎక్కడా దొరకని సొంత రికార్డులు ఉండేవి, అవి ఆ "హౌస్" వారి రికార్డులు అని. నాలుగు నోళ్ళు, నాలుగు ఇళ్ళు.

ఇంకో ముచ్చట. లెనార్డ్ రెమిక్స్ రాయ్ అని సౌత్ సైడ్ డీజే. తను వాయించే బార్ కిటికీలో "ఇక్కడ హౌస్ మ్యూజిక్ వేస్తాం" అని బోర్డు పెట్టింది తనేనంటాడు. ఆయన అర్థంలో హౌస్ అంటే ఇంట్లో దొరికే పాటలు, వాళ్ళమ్మ దగ్గరున్న పాత సోల్, డిస్కో రికార్డులు. నందు వాళ్ళ సార్ చెప్పింది మరీ అంత గాలి మాట కూడా కాదన్నమాట.

షికాగో_చలి
రావు గారూ మీరే నాకు సాక్ష్యం ఇచ్చారు. ఫ్రాంకీ ఇంటర్వ్యూల్లో చెప్పిన కథ వినలేదా? స్నేహితుడితో కార్లో సౌత్ సైడ్ వెళ్తుంటే ఒక బార్ కిటికీలో సరిగ్గా అలాంటి బోర్డే కనిపించిందట, "హౌస్ మ్యూజిక్ వేస్తాం" అని. ఇదేంటి అని ఫ్రాంకీ అడిగితే, నువ్వు వేర్‌హౌస్‌లో వేసేదే అని స్నేహితుడు చెప్పాడట. అంటే ఆ పేరు ఫ్రాంకీ పెట్టుకున్నది కాదు. తన సంగీతానికి ఊరు పెట్టిన పేరును కార్లోంచి చదివి తెలుసుకున్నాడు.

సందేహాలరావు
బోర్డు ఉందంటే ఎవరూ కాదనరు. దాని అర్థం ఎవరు చెప్పారు? రాసిన మనిషి "మా అమ్మ రికార్డులు" అంటున్నాడు, చదివిన మనిషి పక్కనున్న స్నేహితుడు "నీ క్లబ్బు" అంటున్నాడు. రాసినవాడి మాట నమ్మాలా, కార్లో వెళ్ళేవాడి మాట నమ్మాలా?

విమల_కె
రాసిన మనిషి ఆ మాట ఎప్పుడు చెప్పాడన్నది కూడా చూడాలి కదా. ఆయన తన గురించి తానే చెప్పుకున్నాడు. అదీగాక బోర్డు కస్టమర్ కోసం పెడతారు. వీధిలో పోయేవాడికి ఆ మాట అర్థమవుతుందనే పెడతారు. "టిఫిన్స్ రెడీ" అని రాసేవాడు టిఫిన్ అనే మాట అప్పటికప్పుడు పుట్టించి రాయడు.

సందేహాలరావు
బాగానే కొట్టారు. ఒప్పుకోను గానీ బాగానే కొట్టారు.

ఖమ్మం_టు_లండన్
ఈ పంచాయితీలో అందరూ ఒకటి మర్చిపోతున్నారు. 1977లో ఫ్రాంకీ వేసింది మనం ఇప్పుడు హౌస్ అనుకునేది కాదు. డిస్కో, ఫిలడెల్ఫియా సోల్, ఇటలీ నుంచి వచ్చిన రికార్డులు, అవే. వాటినే రీలు టేపు మీద కోసి అతికించి, డ్యాన్సుకు పనికొచ్చే ముక్కను సాగదీసి వేసేవాడు. 1982 చివర్లో వేర్‌హౌస్ వదిలేసి పవర్ ప్లాంట్ అని వేరే క్లబ్ పెట్టుకున్నాడు. డ్రమ్ మెషీన్ బీటుతో షికాగో కుర్రాళ్ళు సొంత రికార్డులు వేయడం ఆ తర్వాత. మొదటి హౌస్ రికార్డు అని ఎక్కువమంది చెప్పే జెస్సీ సాండర్స్ "ఆన్ అండ్ ఆన్" 1984లో వచ్చింది. అంటే ఫ్రాంకీ ఉన్న వేర్‌హౌస్‌లో హౌస్ రికార్డు ఒక్కటి కూడా మోగలేదు.

పాతక్యాసెట్
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఖమ్మం_టు_లండన్
@పాతక్యాసెట్ అచ్చంగా అదేనండీ! పేరు ముందు పుట్టింది, ఆ పేరుకు తగ్గ పిల్లాడు తర్వాత పుట్టాడు. అందుకే ఇన్ని కథలు కుదురుతున్నాయి. 1981లో ఆ మాట అన్నవాడు పాత డిస్కో రికార్డుల గురించి అన్నాడు. 1985లో అన్నవాడు ఇంట్లో మెషీన్ మీద చేసిన టేపు గురించి అన్నాడు. మాట ఒకటే, దాని కింద ఉన్న వస్తువు మారిపోయింది. లారీ హర్డ్ అబద్ధం చెప్పలేదు, ఆయన ఆ మాట విన్న రోజుకు అదే దాని అర్థం.

సందేహాలరావు
ఇది ఆలోచించాల్సిన మాట.

నిద్రలేని_నందు
ఒక్క నిమిషం, డిస్కోనే వేస్తుంటే డిస్కో అనే అనొచ్చుగా? కొత్త పేరు అవసరం ఏమొచ్చింది?

షికాగో_చలి
డిస్కో అనే మాట అప్పటికి తిట్టు అయిపోయింది నందూ. 1979 జూలై 12, ఇక్కడి కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియం. స్టీవ్ డాల్ అనే రేడియో అతను డిస్కో రికార్డులు తెచ్చి ఇస్తే 98 సెంట్లకే టికెట్ అని ప్రకటన ఇప్పించాడు. రెండు ఆటల మధ్య గ్రౌండు మధ్యలో ఆ రికార్డులన్నీ పెట్టి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకేశారు, రెండో ఆట ఆడటమే కుదరలేదు, అవతలి జట్టుకు గెలుపు ఇచ్చేశారు. ఆ రోజు స్టేడియంలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు సీట్లు చూపించే పని చేస్తున్నాడు. జనం తెచ్చినవాటిలో డిస్కో కానివి కూడా బోలెడున్నాయని, నల్లవాళ్ళ రికార్డు అయితే చాలని తెచ్చారని తర్వాత చెప్పాడు. ఆ కుర్రాడే ఐదేళ్ళకు జెస్సీ సాండర్స్‌తో కలిసి పైన లండన్ అన్న చెప్పిన "ఆన్ అండ్ ఆన్" కట్టాడు. పెద్ద కంపెనీలు డిస్కో రికార్డులు తగ్గించేశాయి, డీజేలకు వేయడానికి కొత్త సరుకు లేదు, అందుకే పాతవి కోసి అతికించుకోవడం, చివరికి సొంతంగా చేసుకోవడం. హౌస్ డిస్కో తీర్చుకున్న పగ అని ఫ్రాంకీ ఊరికే అనలేదు.

విమల_కె
ఈ స్టేడియం సంగతి తెలీక చాలామంది "హౌస్ అంటే సరదా పార్టీ బీటు" అనుకుంటారు. మీకు థాంక్స్.

ప్యాడ్స్_శీను
బీటు సంగతికొస్తే నేను మాట్లాడాలి, పదిహేనేళ్ళుగా ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తున్నా. హౌస్‌లో కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) నాలుగు దెబ్బలకూ సమానంగా పడుతుంది, ధన్ ధన్ ధన్ ధన్, రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ క్లాప్, రెండు దెబ్బల మధ్య సందులో హై హ్యాట్ (డ్రమ్స్‌లో జంట తాళాలు) తెరుచుకుంటుంది. నిమిషానికి 120కి అటూ ఇటూగా. ఆ సందులో హై హ్యాట్ తీసేసి చూడండి, ఊరేగింపులో కవాతు అయిపోతుంది. మన తీన్మార్ దీనికి పూర్తిగా వేరే. పేరులోనే ఉంది, మూడు దెబ్బలు. దాని నడక ఊగుతుంది, మనిషిని పక్కకు తోస్తుంది. హౌస్ మనిషిని నిలబెట్టి కిందికీ పైకీ ఊపుతుంది. పెళ్ళి బరాత్‌లో ఒకసారి ప్రయోగం చేద్దామని హౌస్ కిక్ మీద తీన్మార్ వేశాను. పెళ్ళికొడుకు బాబాయి స్టేజీ దగ్గరికొచ్చి "తమ్మీ, రెండిట్ల ఏదో ఒకటి కొట్టు, కాళ్ళు కొట్టుకుంటున్నయ్" అన్నాడు.

సోడాబుడ్డి
బాబాయి సంగీత విమర్శకుడు.

కాకినాడ_కాజా
నాకు వేరే డౌట్. హౌస్ అంటే న్యూయార్క్‌లో డ్రాగ్ పోటీలు చేసేవాళ్ళ గుంపులు కదా? హౌస్ ఆఫ్ లబేజా లాంటివి. ఒక డాక్యుమెంటరీలో చూశాను. అక్కడి నుంచి రాలేదా?

ఖమ్మం_టు_లండన్
@కాకినాడ_కాజా ఆ హౌస్ వేరు. అది కుటుంబం, వంశం అనే అర్థంలో. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన పిల్లలు ఒక "తల్లి" కింద చేరేవాళ్ళు. ఆ జనానికీ ఈ సంగీతానికీ చుట్టరికం ఉంది, పేరుకు మాత్రం లేదు.

పాతక్యాసెట్
వంశం అనే అర్థంలో అయితే మనకూ ఉంది. ఘర్ అంటే ఇల్లు, దాని నుంచి హిందుస్తానీ సంగీతంలో ఘరానా. గ్వాలియర్ ఘరానా, కిరాణా ఘరానా... అక్షరాలా చూస్తే అసలైన హౌస్ మ్యూజిక్ అదే.

సోడాబుడ్డి
మరి ఘరానా దొంగ?

కాకినాడ_కాజా
హౌస్ బ్రేకింగ్.

ప్యాడ్స్_శీను
ఈ పోస్టుకు నా అంగి బహుమతి.

దేశీ_గర్వం
అందరూ షికాగో షికాగో అంటున్నారు. అసలు హౌస్ పుట్టింది మన ముంబైలో. చరణ్‌జీత్ సింగ్ 1982లోనే రాగాలతో చేసేశాడు. వెళ్ళి వినండి.

ఖమ్మం_టు_లండన్
వచ్చేసింది, ఇది రాకుండా ఈ టాపిక్ ఎక్కడా ముగియదు. విన్నాను, అద్భుతం. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటార్, సింథసైజర్ వాయించిన మనిషి, రోలాండ్ కంపెనీ 808 డ్రమ్ మెషీన్, 303 బేస్ మెషీన్ కొనుక్కొచ్చి పది రాగాలకు డిస్కో బీటు కట్టాడు. ఆ జిలజిలలాడే 303 శబ్దం వింటే ఐదేళ్ళ తర్వాత షికాగోలో వచ్చిన యాసిడ్ హౌస్ అనే రకం లాగే ఉంటుంది, అది నిజం. కానీ ఆ రికార్డు అప్పట్లో అమ్ముడుపోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యేదాకా బయట ఎవరికీ తెలియదు. షికాగో వాళ్ళు అది విని నేర్చుకోలేదు. మనవాడికి షికాగో తెలియదు, షికాగోకు మనవాడు తెలియదు. ఇద్దరి చేతిలో ఉన్న పెట్టె ఒకటే.

దేశీ_గర్వం
ముందు చేసింది మనవాడే కదా. అది ఒప్పుకోండి.

సందేహాలరావు
శబ్దం ముందు చేశాడు, ఒప్పుకున్నాం. ఈ థ్రెడ్ పేరు గురించి. ఆయన తన రికార్డుకు డిస్కో అనే పేరు పెట్టుకున్నాడు, హౌస్ అనలేదు. ఆయన పెట్టుకున్న పేరు తీసేసి మనం పరాయి పేరు తగిలించడమే గౌరవమా?

దేశీ_గర్వం
...సరే ఆ పాయింట్ ఉంది.

విమల_కె
303 మాట వచ్చింది కాబట్టి, నందూ, క్లాసులో చెప్పడానికి పనికొస్తుంది. ఆ పెట్టె గిటారిస్టులు ఒంటరిగా సాధన చేసేటప్పుడు బేస్ వాయించే మనిషికి బదులుగా చేశారు. దాని గొంతు బేస్ గిటార్‌లా ఏమాత్రం ఉండదు. ఎవరూ కొనలేదు, 1984లో తయారీ ఆపేశారు. పాత సామాన్ల షాపుల్లో చవగ్గా దొరికింది కాబట్టే షికాగో కుర్రాళ్ళ చేతికి వచ్చింది. డీజే పియర్, అతని స్నేహితులు దాని గుండీలు ఇష్టమొచ్చినట్టు తిప్పి చేసిన టేపును రాన్ హార్డీ అనే డీజే మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో వేసేవాడు, జనమే దాన్ని "రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్" అనడం మొదలుపెట్టారు. అక్కడ కూడా చేసినవాళ్ళు పెట్టిన పేరు కాదు చూడండి, విన్నవాళ్ళు పెట్టినదే. 1987లో రికార్డుగా వచ్చినప్పుడు "యాసిడ్ ట్రాక్స్" అనే పేరు అచ్చయింది.

కాజీపేట_కుర్రోడు
లేటుగా వచ్చా. పేర్లు అడ్డదిడ్డంగా పోవడం అంటే గుర్తొచ్చింది, మా దగ్గర డీజే అంటే మనిషి కాదు. లారీ. స్పీకర్ల లారీ. "నిమజ్జనానికి డీజే మాట్లాడిన్రా" అంటే బండి మాట్లాడారా అని. నేను డీజే అని మా మేనమామకు చెబితే "నీకు లారీ ఎక్కడిదిరా" అన్నాడు.

నిద్రలేని_నందు
మా అమ్మ కూడా అంతే అన్నా!! కోర్సు ఫీజు అడిగితే "ఆ సౌండుకు పక్కింటి ముసలాయన పోతాడు, వద్దు" అంది.

పాతక్యాసెట్
మా జిల్లాల్లో జాతరలకు రికార్డింగ్ డ్యాన్స్ అని ఉండేది. అక్కడ ఎవరూ ఏదీ రికార్డు చేయరు. రికార్డు వేసి దానికి డ్యాన్స్ చేస్తారు. పేరు విని మా బావమరిది ఒకసారి ఖాళీ క్యాసెట్ పట్టుకుని వెళ్ళాడు.

ఖమ్మం_టు_లండన్
@పాతక్యాసెట్ డిస్కోతెక్ అంటే అదేనండీ. ఫ్రెంచిలో బిబ్లియోతెక్ అంటే గ్రంథాలయం, దాన్ని చూసి డిస్కోతెక్ అంటే రికార్డుల బీరువా. తర్వాత రికార్డులకు డ్యాన్స్ చేసే చోటు, ఆ తర్వాత ఆ చోట మోగే సంగీతం. మన జాతర స్టేజీకి ప్యారిస్‌లో పేరు దొరికినట్టే.

గ్యారేజ్ కూడా ఈ వరసలోదే. న్యూయార్క్ కింగ్ స్ట్రీట్‌లో నిజంగానే కార్లు పెట్టుకునే గ్యారేజ్‌ను క్లబ్ చేశారు, ప్యారడైజ్ గ్యారేజ్. లారీ లెవాన్ అక్కడి డీజే, ఫ్రాంకీకి చిన్నప్పటి స్నేహితుడు. అతను వేసే పాటలు గ్యారేజ్ అయ్యాయి. అదే మాట ఇక్కడ లండన్‌కొచ్చి స్పీడు పెరిగి, నడక విరిగి, పూర్తిగా వేరే సంగీతం అయింది. పలకడం కూడా గ్యారిజ్ అంటారు. నేను కొత్తలో గ్యారేజ్ అంటే మా ఆఫీసులో ఒకడు కారు రిపేరా అన్నాడు.

సోడాబుడ్డి
ఒకటి గోడౌన్, ఒకటి కార్ షెడ్డు. వీళ్ళకు ఫంక్షన్ హాల్ దొరకలేదా?

షికాగో_చలి
దొరికితే ఇచ్చేదెవరు సోడా? ఊరి మధ్య హాళ్ళు ఈ జనానికి ఇచ్చేవాళ్ళు కాదు. ఖాళీగా పడి ఉన్న పాత కట్టడాలే దిక్కు.

సోడాబుడ్డి
అవును. జోక్ వేశా గానీ అది నిజమే.

సందేహాలరావు
డెట్రాయిట్‌లో పుట్టిన టెక్నో సంగీతం కూడా హౌస్ అనే పేరు నుంచి కొంచెంలో తప్పించుకుంది. 1988లో డెట్రాయిట్ వాళ్ళ పాటలతో ఇంగ్లండ్‌లో ఒక సంకలనం వేస్తూ మొదట పేరులో హౌస్ అనే పెట్టబోయారు. చివర్లో ఆట్కిన్స్ ఇచ్చిన పాట పేరులో టెక్నో ఉండటంతో సంకలనం పేరే మార్చారు. లేకపోతే ఈ రోజు డెట్రాయిట్ హౌస్ అంటూ ఉండేవాళ్ళం. నేను ఇందాక అన్నది కొంచెం దిద్దుకుంటున్నా. వేర్‌హౌస్ కథే మూలం అయ్యుంటుంది, మిగతావి తప్పు కాదు, ఆలస్యంగా వచ్చిన అర్థాలు. బోర్డు సంగతి మాత్రం నాకు ఇంకా తేలలేదు.

విమల_కె
రావు గారు దిద్దుకున్నారు! ఈ తేదీ రాసిపెట్టుకోండి ఎవరైనా.

నిద్రలేని_నందు
అప్‌డేట్. ఈ రోజు క్లాసులో చెప్పాను. వేర్‌హౌస్, షాపు చీటీ, స్టేడియం, అన్నీ. సార్ పూర్తిగా విన్నారు, మధ్యలో ఆపలేదు. తర్వాత "నాకు మా గురువు అలాగే చెప్పాడురా, నేనూ ఎప్పుడూ అడగలేదు" అన్నారు. దానికి నాకే సిగ్గేసింది. బ్రేకులో ఆ అమ్మాయి గిడ్డంగి జోక్ విని పడీపడీ నవ్వింది. క్రెడిట్ ప్యాడ్స్ అన్నకు ఇవ్వలేదు, నాదే అన్నాను, క్షమించాలి.

ప్యాడ్స్_శీను
క్షమించను. పెళ్ళికి బ్యాండు నాదే పెట్టుకోవాలి.

పాతక్యాసెట్
మీరంతా ఇన్ని చెబుతుంటే రాత్రి ఫ్రాంకీ నకుల్స్ మిక్స్ ఒకటి వెతికి పెట్టుకున్నాను, గంటన్నర ఉంది. మొదటి పది నిమిషాలు ఇదేం గోల అనిపించింది. తర్వాత ఒక పాట అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో పట్టుకుందామని కూర్చున్నాను, పట్టుకోలేకపోయాను. ఎనిమిదేళ్ళు పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్లు ఖాళీ వదలడమే మా పనితనం అనుకున్నాం. మా ఆవిడ వచ్చి "ఆ పాట ఇంకా అవ్వలేదా" అని రెండుసార్లు అడిగింది.

నిద్రలేని_నందు
గురువుగారూ, ఆ బస్సు పాటల మాస్టర్ క్యాసెట్ ఇంకా ఉందా? నిజంగా అడుగుతున్నా. దాన్ని మిక్స్ చేస్తా.

పాతక్యాసెట్
అటక మీద అట్టపెట్టెలో ఉండాలి. ఆదివారం దింపి చూస్తాను. టేపు అంటుకుపోకుండా ఉంటే డ్రైవరు అదృష్టం.